దిష్టిబొమ్మ గారి గృహరుణం

జామీను సంతకం పెట్టేముందు అవతలి మనిషి ముఖం సరిగ్గా చూసుకోమని మా నాయన చెప్పేవాడు. నేను చూసుకునే పెట్టాను. నాంచారమ్మ ముఖం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. తెలియకుండా పోయింది ప్రభుత్వానికే. అందువల్ల ఒక నల్ల కుండకు, కాస్త వరిగడ్డికి, నా పాత గళ్ళచొక్కాకు నేను జామీనుదారుణ్ణి అయ్యాను.

నా పేరు కాశిం. గుండ్లదొరువు బస్టాండులో దర్జీని. నా మిషను పక్కనే నాంచారమ్మ దోసెల బండి. వరసకు ఏమీ కాకపోయినా నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను అబ్బాయా అంటుంది. ఆమె దోసెల పొగకు నేను కుట్టిన జాకెట్లన్నీ నూనె వాసన కొడతాయని గిరాకీలు తిడతారు. నేను ఆమెను తిడతాను. ఆమె ఒక దోసె పెడుతుంది. ఇదీ మా వ్యవహారం.

నాంచారమ్మకు జీవితంలో ఒకటే కోరిక. సొంత గోడకు మేకు కొట్టుకోవాలి. నవ్వకండి. అద్దె ఇళ్ళలో బతికినవాళ్ళు ఎవరూ దీనికి నవ్వరు. ఆమె ఎక్కిన ప్రతి గడప దగ్గరా ఇంటివాళ్ళు మొదట చెప్పిన మాట "గోడలకి మేకులు కొట్టబాకమ్మా" అనే. ఆమె భర్త సాంబయ్య తాపీ కూలీ. ఊళ్ళు పట్టుకు తిరిగి పరాయివాళ్ళ ఇళ్ళు కట్టీ కట్టీ, పట్నంలో ఎవరిదో మేడ కడుతూ పోయాడు. ఈమెకు కబురంది వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. ఫొటోకు పటం కట్టించింది గానీ తగిలించడానికి గోడ లేదు. దుప్పటి చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. తద్దినం రోజున బయటకు తీసి, బియ్యం డబ్బాకు ఆనించి, దండం పెట్టుకుని మళ్ళీ పెట్టెలో పెట్టేస్తుంది.

"బతికినన్నాళ్ళు తిరుగుడే. పోయినాకన్నా నిలబెట్టుకుందామంటే గోడ లేదబ్బాయా" అని ఒకసారి పెనం ముందే ఏడ్చింది. ఆ పూట దోసెలు మాడాయి.

అలాంటి రోజుల్లో పల్లె గడప పథకం వచ్చింది. పల్లెల్లో ఇల్లు కట్టుకునేవాళ్ళకు బ్యాంకు అప్పిస్తుంది, ఆ అప్పుకు ప్రభుత్వం హామీ ఉంటుంది. మండలంలో బ్యాంకు మేనేజరు పరాంకుశం గారు నన్ను పిలిపించి జామీను కాగితం ముందు పెట్టారు.

"ప్రభుత్వమే హామీ అన్నారు గదా సార్, మధ్యలో నేనెందుకు?" అన్నాను.

"ప్రభుత్వం లబ్ధిదారుకు హామీ. నువ్వు ప్రభుత్వానికి హామీ" అన్నారాయన.

నన్ను అంత పెద్దవాణ్ణి చేసి మాట్లాడినవాళ్ళు అంతకుముందు లేరు. సంతకం పెట్టేశాను.

నాంచారమ్మకు ఊరి చివర స్థలం ఉంది. పునాది పడింది, గోడలు లేచాయి. ఇంతలో ఆమె అద్దెకుంటున్న ఇంటాయన, కొడుకు పెళ్ళి ఉంది, వానలు పడేలోగా గది ఖాళీ చెయ్యమన్నాడు. కొత్త ఇంటికి పైకప్పు పడితే సరి, లేకపోతే దోసెల బండి కిందే కాపురం.

గోడలు తలెత్తాక మేస్త్రి దిష్టిబొమ్మ కట్టమన్నాడు. కడుతున్న ఇంటి మీద పదిమంది కళ్ళు పడతాయి, ఆ కళ్ళేవో బొమ్మ మీద పడి పోతే ఇంటికి మంచిదని మా వైపు నమ్మకం. నాంచారమ్మ ముచ్చటపడి చేసింది. మసి పూసిన కుండ తల, సున్నంతో గుండ్రటి కళ్ళు, చెవుల దాకా మీసం, ఎర్రగా నవ్వుతున్న నోరు. చొక్కా, ప్యాంటు నావి. నేనిచ్చానని చెప్పను, మా ఆవిడ నన్నడక్కుండా ఇచ్చేసింది. మర్నాడు ఇద్దరు ముగ్గురు ఆ దారిన పోతూ "ఏం కాశిమా, ఎండలో నిలబడ్డావే" అని పలకరించి, నేను మాట్లాడలేదని కోపం కూడా తెచ్చుకున్నారు.

గోడల బిల్లు కోసం గృహనిర్మాణ శాఖ ఏఈ విద్యాధర్ గారు వచ్చారు. కుర్రవాడు, మంచివాడు, ఫోనులోంచి తల ఎత్తి మా ఊరిని ఎప్పుడూ చూడలేదు.

"ఈ నెల నుంచి ముఖ నమోదు విధానం అమల్లోకి వచ్చింది. లబ్ధిదారు నిర్మాణం ఎదుట నిలబడి క్షేత్రస్థాయిలో తమ భౌతిక ఉనికిని నిరూపించుకోవాలి" అన్నారు.

"ఏందంట?" అంది నాంచారమ్మ.

"ఇంటి ముందు నిలబడమంటున్నారక్కా."

నిలబడింది. మిట్టమధ్యాహ్నం ఎండ, కొంగు నెత్తి మీదుగా లాక్కుంది, సిగ్గుతో తల దించుకుంది. ఆమె వెనక, భుజం మీదుగా, దిష్టిబొమ్మ కళ్ళు విప్పార్చుకుని నవ్వుతోంది. ఫోనులో పచ్చ గుండ్రం కాసేపు అటూ ఇటూ వెతుక్కుంది. తర్వాత టింగుమంది. "ముఖం నమోదైంది" అని ఏఈ గారు ఫోను జేబులో పెట్టుకుని బండెక్కారు. గోడల డబ్బు కూడా పడింది. మేమందరం సంతోషించాం.

పైకప్పు బిల్లుకు మళ్ళీ వచ్చారు. ఈసారి నాంచారమ్మ ముఖం కడుక్కుని, బొట్టుబిళ్ళ మార్చుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు తయారై నిలబడింది. ఫోను ఒప్పుకోలేదు. ముఖం సరిపోలలేదంది. కొంగు తీసి నిలబడింది, నీడలో నిలబడింది, నవ్వింది, చివరికి తిట్టింది. సరిపోలలేదు.

ఏఈ గారు పాత ఫొటో తెరిచారు. నేను ఆయన భుజం మీదుగా తొంగి చూశాను. పచ్చ గుండ్రం నిండా మీసాలు.

"అది మా దిష్టిబొమ్మ గదా సార్" అన్నాను.

ఏఈ గారి ముఖం పాలిపోయింది. పాపం, ఆయన ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

"మార్చెయ్యండి సారూ. నేనీడే ఉండాగా" అంది నాంచారమ్మ.

"మార్గదర్శకాల మేరకు ముఖ నమోదు జీవితకాలానికి ఒక్కసారేనమ్మా. లబ్ధిదారు మరణిస్తే తప్ప మార్పునకు అవకాశం లేదు."

పడమర మబ్బు పట్టి ఉంది. మేస్త్రి స్లాబు కూలీలకు డబ్బివ్వాలని సణుగుతున్నాడు. ఏఈ గారు మబ్బు వైపు చూశారు, ఫోను వైపు చూశారు, గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, మీరు కాస్త పక్కకు జరగండి. లబ్ధిదారును రానివ్వండి."

నాంచారమ్మ పక్కకు జరిగింది. ఫోను టింగుమంది.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ చివరి వాయిదాకు లబ్ధిదారు బ్యాంకుకు స్వయంగా రావాలని నిబంధన. అక్క, నేను, బొమ్మ ముగ్గురం ఆటోలో మండలానికి పోయాం. ఆటోవాడు ముగ్గురికీ తీసుకున్నాడు. బ్యాంకులో టోకెను ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టమన్నారు. మా వంతు వచ్చాక బొమ్మను పరాంకుశం గారి ఎదుట కూర్చోబెట్టాం. ఆయన బల్ల మీది ఫోనులో యంత్రం ఆడగొంతుతో మాట్లాడుతోంది.

"తల కుడి వైపు తిప్పండి" అంది. నేను కుండ తిప్పాను.

"నవ్వండి" అంది. బొమ్మ ముందు నుంచీ నవ్వుతూనే ఉంది.

వేలిముద్ర మాత్రం పడలేదు. నేను గడ్డి కుక్కి కుట్టిన చేతిని పరాంకుశం గారు అటూ ఇటూ నొక్కి చూసి, "కాయకష్టం చేసేవారికి వేళ్ళు అరిగిపోవడం సహజం. మినహాయింపు ఉంది" అని రాసుకున్నారు. తర్వాత కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"ఇక్కడ ఒక చిక్కు ఉంది. పేరు నాంచారమ్మ. ముఖానికి మీసం ఉంది. పేరుకూ ముఖానికీ పొంతన లేదు."

"ముఖం తప్పు సార్" అన్నాను.

"ముఖం ధ్రువీకరించబడింది. ధ్రువీకరించబడినది తప్పు కాజాలదు. కనుక తప్పు పేరులో ఉండాలి" అని ఆయన దరఖాస్తు తిరగేశారు. "సాంబయ్య అంటే ఎవరు?"

"మా ఆయన సారూ. పోయి శానా ఏళ్ళయింది" అంది నాంచారమ్మ.

పరాంకుశం గారు ఆ పేరు వైపు, బొమ్మ వైపు మార్చి మార్చి చూశారు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. "అక్కడ పేరు ఉంది, ముఖం లేదు. ఇక్కడ ముఖం ఉంది, పేరు లేదు" అన్నారు.

"మా ఆయనకి మీసం ఉండేది గాదు సారూ."

"పెంచుకున్నారు" అని ఆయన దిద్దేశారు. లబ్ధిదారు సాంబయ్య, నామినీ భార్య నాంచారమ్మ. "ఇప్పుడు అన్నీ సక్రమంగా ఉన్నాయి. అన్నట్టు, మా శాఖలో ఇంత ఓపికగా కూర్చున్న లబ్ధిదారును నా సర్వీసులో చూడలేదు."

తిరుగు ప్రయాణంలో అక్క బొమ్మ వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆటో గతుకులో పడినప్పుడు మాత్రం కుండ తల తన భుజం మీదికి ఒరిగితే తోసెయ్యలేదు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఆ నెల ఆమె వితంతు పింఛను ఆగిపోయింది. పంచాయతీ ఆఫీసులో అడిగితే "భర్త సజీవుడై, సొంత ఇల్లు కూడా నిర్మించుకుంటున్న కారణంగా" అన్నారు.

"మా ఆయన బతికొచ్చాడంట అబ్బాయా" అంది నాతో. "ఎప్పుడొచ్చినా నా చేతిలో ఉన్నది గుంజుకు పోవడమే గదా ఆయన అలవాటు. అచ్చంగా ఆయనే." నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది.

ఇంతలో బొమ్మ పేరు జిల్లా దాకా పోయింది. మిగతా లబ్ధిదారులందరూ మిరపకోతలకు పోయే కూలీలు. ఏఈ గారు వచ్చినప్పుడు ఇంటి దగ్గర ఉండరు. కోతకు పోకపోతే తిండి లేదు, పోతే ముఖం నమోదు లేదు. వాళ్ళ బిల్లులన్నీ ఆగిపోయాయి. ఒక్క సాంబయ్య గారే ఎండనక వాననక నిర్మాణ స్థలంలో హాజరు. పై నుంచి ఉత్తర్వు వచ్చింది: సదరు సాంబయ్య చూపిన నిబద్ధతను ఆదర్శంగా తీసుకుని లబ్ధిదారులందరూ ఇరవై నాలుగు గంటలూ క్షేత్రంలో అందుబాటులో ఉండాలి.

మా ఊరివాళ్ళు చదువు తక్కువవాళ్ళు గానీ ఉత్తర్వు అర్థం చేసుకోవడంలో తక్కువవాళ్ళు కాదు. ఇంటికొక బొమ్మ లేచింది. నా మిషనుకు తీరిక లేకుండా పోయింది. ఆడ లబ్ధిదారులకు కుండకు కొప్పు పెట్టి, జాకెట్టు కూడా కుట్టిచ్చాను. ఏఈ గారు ఒక్క పూటలో ఊరంతా నమోదు చేసుకుని, ఇంత సజావుగా సాగిన పర్యవేక్షణ ఎక్కడా లేదని నివేదిక పంపారు. బిల్లులు పడ్డాయి.

తర్వాత మండలంలో లబ్ధిదారుల సదస్సు పెట్టారు. ముఖం చూసి లోపలికి పంపుతామన్నారు. బొమ్మలు లోపల ఫ్యాన్ల కింద కూర్చున్నాయి, మేము బయట ఎండలో నిలబడ్డాం. జిల్లా నుంచి వచ్చిన పెద్ద అధికారి చాలాసేపు మాట్లాడారు. "నా ప్రసంగాన్ని మధ్యలో లేచి పోకుండా, సెల్‌ఫోను చూడకుండా, ఆసాంతం చిరునవ్వుతో ఆలకించిన సభ ఇదే మొదటిది" అని ఆయన గొంతు గద్గదమైంది. మజ్జిగ ప్యాకెట్లు లోపలే పంచారు. ఒక్కో బొమ్మ ఒళ్ళో ఒక్కోటి పెట్టారట. మాకు దాహం చంపేస్తోంది.

వీటన్నిటి మధ్యా నాంచారమ్మ ఇల్లు పూర్తయింది. రెండు గదులు, ముందు చిన్న వసారా. గృహప్రవేశం రోజున పాలు పొంగించింది. ఏఈ గారు తాళంచెవి తెచ్చి, వసారా ముందు వాసానికి కట్టిన బొమ్మ చేతికి తగిలించి ఫొటో తీశారు. నిబంధన అది, మేమేమీ అనుకోలేదు. అక్క ఆ చేతిలోంచి తాళంచెవి తీసుకుని లోపలికి పోయింది. ట్రంకుపెట్టె తెరిచింది, దుప్పటి విప్పింది, పటం తీసింది. మేస్త్రిని అడిగి సుత్తి, మేకు తెచ్చుకుంది. ఎదురుగోడ మీద ఎక్కడ కొట్టాలో వేలితో గుర్తు పెట్టుకుంది. సుత్తి ఎత్తింది.

"అమ్మా, ఆగండి" అన్నారు ఏఈ గారు. "హామీ రుణంతో నిర్మించిన గృహానికి లబ్ధిదారు అనుమతి లేకుండా ఇతరులు ఎలాంటి మార్పులూ చేయరాదు."

నాంచారమ్మ ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. "అంటే?"

"గోడకు మేకులు కొట్టకూడదు."

ఆ మాటతో ఆమె నేల మీద కూలబడిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పటం ఒళ్ళో పెట్టుకుని "ఈడ గూడానా" అంది, అంతే. నాకు వచ్చిన కోపానికి ఏఈ గారి ఫోను తీసి దొరువు నీళ్ళలో పడేద్దామనిపించింది. జామీనుదారుణ్ణి కదా, తమాయించుకున్నాను.

అప్పుడు మేస్త్రి వసారాలోంచి కేకేశాడు. "అమ్మో, గృహప్రవేశం అయినాక గూడా బొమ్మని ఉంచితే ఇంటికి కీడు. దించాల."

నాంచారమ్మ తలెత్తింది. "సారూ, పైకప్పు నాడు ఏందో అన్నావే. ఈ ముఖం ఎప్పుడు మారుద్దన్నావు?"

"లబ్ధిదారు మరణిస్తే."

"మరణిస్తే అప్పు సంగతేంది?"

"ప్రభుత్వ హామీ కింద రద్దవుతుంది. గృహం నామినీకి సంక్రమిస్తుంది" అన్నారు ఏఈ గారు, పాఠం అప్పజెప్పినట్టు. చెప్పాక గానీ తనేం చెప్పారో ఆయనకు తెలియలేదు.

ఆమె వసారాలోకి వచ్చి, వాసానికి కట్టిన తాడు విప్పి, బొమ్మను రెండు చేతులతో దించి నేల మీద పడుకోబెట్టింది.

"పోయాడు" అంది.

"ఎవరు?"

"మా ఆయన."

"ఎప్పుడు?"

"ఇప్పుడే గదా, నువ్వు చూస్తుండంగా."

ఏఈ గారు చెమట తుడుచుకుని నా వైపు తిరిగారు. "మరణాన్ని జామీనుదారు ధ్రువీకరించాలి. దేహంలో ప్రాణం ఉందా, లేదా?"

నేను వంగి నా గళ్ళచొక్కా మీద చెయ్యి పెట్టి చూశాను. "లేదు సార్" అన్నాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను చెప్పిన నిజాల్లో ప్రభుత్వం ఒప్పుకున్నది అదొక్కటే.

ఆశ్చర్యం ఏమిటంటే, అక్కడి నుంచి అన్నీ చకచకా జరిగిపోయాయి. బతికున్న మనిషి గోడు వినడానికి ఆ ఫోనులో మార్గదర్శకం లేదు గానీ చావుకు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఏఈ గారి ముఖంలో కూడా ప్రాణం లేచి వచ్చింది. ఫోను బొమ్మ ముఖం మీద పెట్టారు. "కళ్ళు మూయండి" అంది యంత్రం.

ఆ సున్నపు కళ్ళు మూతపడేవి కావు. నాంచారమ్మ తెచ్చుకున్న సామానులోని దోసెపెనం అడుగున చెయ్యి రాసి, ఆ మసితో ఒక కన్ను తర్వాత ఒక కన్ను మెల్లగా పూసింది.

"ఆయన పోయినప్పుడు కళ్ళు మూసింది ఎవరో గూడా నాకు తెలవదు" అంది. "బతికుండగా నాకొక గోడ కొనలేకపోయాడు. గడ్డిబొమ్మయినాక ఇల్లు కట్టిచ్చి పోయాడు."

ఎవరూ నవ్వలేదు. మేస్త్రి తలపాగా తీశాడు. ఫోను టింగుమంది.

మా ఊళ్ళో దిష్టిబొమ్మను ఊరి పొలిమేరలో తగలబెడతారు. సాంబయ్య గారికి మాత్రం నలుగురం మోశాం. మిగతా ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు, ఎవరి బొమ్మ ఆరోగ్యం ఎట్లా ఉందో ఒకరినొకరు అడుగుతూ నడిచారు. నా గళ్ళచొక్కా కాలుతుంటే మా ఆవిడ మీద కోపం పోయింది.

పదకొండో రోజు పోయాక ఏఈ గారు కాగితాలతో వచ్చారు. అప్పు రద్దయింది. ఇల్లు నాంచారమ్మది. పింఛను కూడా వచ్చే నెల నుంచి మళ్ళీ వస్తుంది. ఆ మాట ఇంకా పూర్తి కాకముందే ఆమె సుత్తి అందుకుంది. మొదటి మేకుకు సాంబయ్య పటం తగిలించింది. ఆగలేదు. సంచికో మేకు, గొడుగుకో మేకు, జల్లెడకో మేకు, ఇంకా కొనని గడియారానికి కూడా ఒకటి. గోడ పెచ్చులు ఊడుతున్నాయి, మేస్త్రి నెత్తి బాదుకుంటున్నాడు, ఆమె కొడుతూనే ఉంది.

"అమ్మా, చివరగా ఒక్కటి" అన్నారు ఏఈ గారు. "కొత్త యజమానిగా మీ ముఖం నమోదు చెయ్యాలి. ఇలా తిరగండి."

సుత్తి చేతిలోనే పట్టుకుని, గోడకు వీపు పెట్టి, తల నిండుగా ఎత్తి నిలబడింది. ఆమె అంత నిటారుగా నిలబడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఫోనులో పచ్చ గుండ్రం ఆమె ముఖం దగ్గర కాసేపు తచ్చాడింది. తర్వాత మెల్లగా పక్కకు జరిగి, ఆమె భుజం మీదుగా పోయి, గోడ మీది పటం చుట్టూ ఆగబోయింది.

నేను చూశాను. ఆమె కూడా చూసింది.

"సారూ, ఆ ఫోను ఒకసారి ఇటియ్యి" అంది నాంచారమ్మ. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది.

ఏఈ గారు తొలిసారి ఫోనులోంచి తల ఎత్తి ఆమె ముఖం చూశారు. చూసి, ఇచ్చేశారు.